పక్కింటి జీన్ గారు సింగపూర్ వచ్చినప్పుడు

ఇంగ్లండులో నేను మూడేళ్ళు కాపురమున్న వీధిలో ఇళ్ళకు నంబర్లు ఉండేవి కావు, పేర్లుండేవి. మొత్తం ఇరవై రెండు ఇళ్ళు, అన్నీ ఒకే అంతస్తువి. వీధి చివర గులకరాళ్ళ గట్టు, గట్టు దిగితే సముద్రం. టౌనుకు గంటకో బస్సు. సాయంత్రం ఆరుకల్లా ఆఖరి బస్సు వెళ్ళిపోయేది. మా పక్కింటి గేటు మీద 'టాంగ్లిన్' అని చెక్కిన చిన్న పలక ఉండేది. అదేదో పాత ఇంగ్లీషు మాట అనుకుని ఎప్పుడూ అడగలేదు. సింగపూర్ వచ్చిన మొదటి నెలలో బస్సులో వెళ్తూ కిటికీలోంచి ఒక రోడ్డు బోర్డు మీద అదే మాట చూశాను. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి ఫొటో తీసి, పక్కింటి జీన్ గారికి పంపాను.

పది రోజులకు కార్డు వచ్చింది. "అవును, అదే. మా నాన్న అక్కడి సైన్యం ఆఫీసులో పనిచేసేవారు. చిన్నప్పుడు మేం సింగపూర్‌లోనే ఉన్నాం. ఎప్పుడైనా చెబుతాను" అని రాశారు. ఆ 'ఎప్పుడైనా' రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఈ ఏడాది ఒక ఆదివారం ఫోన్ చేసి, "నా మోకాళ్ళు ఇంకొక్క దూరప్రయాణానికి పనికొస్తాయని డాక్టరు అన్నాడు. మీ ఇంట్లో ఐదు రోజులు చోటుంటుందా పద్మా?" అని అడిగారు.

మేం ఉండేది యూ టీలో, పదకొండో అంతస్తు ఫ్లాటులో. మా వారు రవి బ్యాంకు ఉద్యోగం, నేను క్లెమెంటి దగ్గరి యూనివర్సిటీలో సముద్రపు నాచు మీద పరిశోధన. మా అమ్మాయి స్నిగ్ధకు తొమ్మిదేళ్ళు. జీన్ గారికి డెబ్బై ఐదు దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. పల్లెల్లో పుస్తకాలు పంచే లైబ్రరీ వ్యాను నడిపి రిటైరయ్యారు. పొడుగాటి మనిషి, కురచగా కత్తిరించిన తెల్లజుట్టు, చేతికి మగవాళ్ళు పెట్టుకునే గడియారం. మొదటి మూడు రోజులూ ఎండకు తాళలేక ఇంట్లోనే ఎక్కువసేపు ఉన్నారు. ఒక సాయంత్రం లిటిల్ ఇండియాలో దోసె తిన్నారు. నాలుగో రోజు శుక్రవారం. ఆ రోజుకి నేను సెలవు పెట్టాను. మర్నాడు మధ్యాహ్నమే ఆవిడ విమానం.

"చిన్నప్పటి ఇల్లు చూడాలి. అంతకుమించి పనేం లేదు" అన్నారు ముందురోజు భోజనాల దగ్గర.

ఉదయం ఏడూ యాభైకి బయల్దేరాం. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు నా సలహా, తొమ్మిది దాటాక బయల్దేరండి. ఆ వేళ రైలు ఆఫీసు జనంతో కిక్కిరిసి ఉంటుంది. అయినా జీన్ గారిని చూడగానే ఒక కుర్రాడు లేచి సీటు ఇచ్చాడు. "నేను అంత ముసలిగా కనిపిస్తున్నానా?" అని నా చెవిలో అడిగి, వెంటనే కూర్చున్నారు. జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారాం. అక్కడి నుంచి మూడో స్టేషన్ బ్యూనా విస్టా. ఎనిమిదీ ముప్పావుకి దిగి, అక్కడ బస్సెక్కి పోర్ట్స్‌డౌన్ రోడ్డు దగ్గర దిగాం.

రోడ్డు దాటి లోపలికి నడిచేసరికి నాకు సింగపూర్‌లో ఉన్నట్టే అనిపించలేదు. ఎత్తు భవనాలు లేవు. గడ్డి వాలుల మీద రెండంతస్తుల తెల్ల ఇళ్ళు, నల్ల కిటికీ చట్రాలు, వీధులకు ఇంగ్లీషు ఊళ్ళ పేర్లు, ఇళ్ళకు ఏవో పాత యుద్ధాల పేర్లు. బ్రిటిష్ సైన్యం కుటుంబాల కోసం కట్టినవట. ఇప్పుడు చిత్రకారులూ, కాస్త డబ్బున్నవాళ్ళూ అద్దెకుంటున్నారు. జీన్ గారు చేతికర్ర ఆనించుకుని చాలాసేపు ఇటూ అటూ చూశారు.

"అన్నీ ఒకలాగే ఉన్నాయి" అన్నారు. "ఇంత చిన్నగా ఉండేవి కావు."

మూడు ఇళ్ళ ముందు నిలబడి మూడూ కాదన్నారు. నాలుగో ఇంటి పక్కన లోతైన కాలువ ఉంది, వానాకాలపు నీళ్ళు పోవడానికి. అది చూడగానే ఆగిపోయారు. "ఇందులో నా చెప్పు పడింది. ఎర్ర చెప్పు. మా నాన్న దిగి తీశారు, నడుం దాకా బురద." కాలువ అంచున నిలబడి మేడవైపు వేలు చూపించారు. "ఆ కిటికీ. అదే మా ఇల్లు."

కింద వాటాలో ఉంటున్నావిడ మొక్కలకు నీళ్ళు పోస్తూ మమ్మల్ని చూసింది. సంగతి చెబితే, "పైవాళ్ళు ఊళ్ళో లేరు. మెట్ల దాకా వెళ్ళి చూడండి, పర్లేదు" అంది. జీన్ గారు మెట్లెక్కి మూసిన తలుపు దగ్గర రెండు నిమిషాలు నిలబడి దిగివచ్చారు. ఫొటో తీయనా అంటే వద్దన్నారు.

చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాక మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. ఏడేళ్ళ వయసులో ఇక్కడి నుంచి వెళ్ళిపోయారట. ఇంగ్లండులో దిగింది నడి చలికాలంలో, నాయనమ్మ ఇంటికి. ఆ నాయనమ్మ ఇల్లే మా వీధిలోది. తర్వాత తండ్రి దానికి టాంగ్లిన్ అని పేరు పెట్టారు. "నాకు చలి అంటే ఏమిటో తెలీదు. కాలికి ఇక్కడి చెప్పులే. బళ్ళో పిల్లలు నా రంగు చూసి, నా మాట విని నవ్వేవారు. ఎండకు నల్లబడి ఉన్నాను. మలయ్ మాటలు కలిపి మాట్లాడేదాన్ని. ఏడాది దాకా ఎవరూ నాతో ఆడలేదు." నావైపు తిరిగారు. "నువ్వు జనవరిలో టాక్సీ దిగావు గుర్తుందా, పల్చటి చెప్పులతో? కిటికీలోంచి చూశాను. స్వెటర్ కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాను."

గుర్తుండకేం. రవికి లండన్‌లో ఉద్యోగం, శుక్రవారం రాత్రి వచ్చి సోమవారం పొద్దున వెళ్ళేవాడు. నాకు పక్క టౌనులోని సముద్ర పరిశోధన కేంద్రంలో పని. వచ్చిన రోజున హీటర్ వెలిగించడం చేతకాక వణుకుతుంటే ఈవిడ తలుపు తట్టి, హీటర్ వెలిగించి, రబ్బరు సంచీలో వేడినీళ్ళు నింపి నా ఒళ్ళో పెట్టారు. ఏ రోజు ఏ చెత్తడబ్బా బయట పెట్టాలో, బస్సు రాకపోతే ఎవరిని అడగాలో, సముద్రం ఎప్పుడు పోటు మీద ఉంటుందో కాగితం మీద రాసి మా ఫ్రిజ్‌కి అంటించారు. ఇంగ్లీషువాళ్ళు ముభావంగా ఉంటారని విని వెళ్ళినదాన్ని, ఈవిడ ఎందుకిలా ఉన్నారో అని చాలా రోజులు ఆశ్చర్యపోయాను. ఇన్నేళ్ళకు, పోర్ట్స్‌డౌన్‌లో బెంచీ మీద, తెలిసింది.

పదకొండున్నరకు బస్సెక్కి, మళ్ళీ రైల్లో క్లెమెంటి వచ్చాం. స్టేషన్ దగ్గరి హాకర్ సెంటర్ నాకు అలవాటైన చోటు, రోజూ మధ్యాహ్నం అక్కడే తింటాను. పన్నెండు దాటితే బల్ల దొరకదు. ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి వెళితే ఇక అది మనదే, ఎవరూ కూర్చోరు. దీన్ని ఇక్కడ 'చోప్' చేయడం అంటారు. జీన్ గారికి ఇది బాగా నచ్చింది. తన జేబురుమాలు పెట్టి, అది ఎవరైనా తీస్తారేమోనని తినడానికి తెచ్చుకునేలోగా రెండుసార్లు వెనక్కి చూశారు. ఆవిడకు కాయా అనే కొబ్బరిపాల జామ్ పూసిన రొట్టె, సగం ఉడికిన గుడ్లు. నాకు కూరగాయలతో వేయించిన సేమ్యా.

రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. "ఇదే రుచి. మా అమా పెట్టేది" అన్నారు. అమా అంటే ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆవిడ. తర్వాత చేతులు తుడుచుకుని, సంచీలోంచి ఒక కవరు తీశారు. అందులో నలుపూ తెలుపూ ఫొటో. చిన్న మట్టిదిబ్బ, చెక్క శిలువ, వెనక వాలుగా ఉన్న గడ్డినేల. మనుషులెవరూ లేరు.

"నాకొక తమ్ముడుండేవాడు" అన్నారు. "క్రిస్టఫర్. ఇక్కడే ఆసుపత్రిలో పుట్టాడు. తొమ్మిది రోజులు బతికాడు. నాకప్పుడు ఆరేళ్ళు. అమ్మ ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది. ఊయల ఎవరికో ఇచ్చేశారు. ఆ తర్వాత ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. నేనూ అడగలేదు. అడగకూడదని నాకెలా తెలిసిందో తెలీదు."

నేను చెంచా కింద పెట్టేశాను. మూడేళ్ళు పక్కింట్లో ఉన్నాను. ఆవిడ టీలో చక్కెర ఎంతో తెలుసు, ఏ మోకాలు ఎక్కువ నొప్పో తెలుసు.

"అమ్మ పోయే ముందు వారం ఆసుపత్రిలో ఉంది. మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, 'క్రిస్టఫర్ని ఎవరు చూసుకుంటున్నారు?' అని అడిగింది. నేను చూసుకుంటున్నానమ్మా అన్నాను. అబద్ధం." ఫొటో తిప్పి చూపించారు. వెనక పెన్సిల్‌తో ఉలు పాండాన్ అని రాసి ఉంది. "వాడు ఒకడుండేవాడని తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. ఇల్లు చూడ్డానికే వచ్చాను అన్నాను గానీ, అందుకే వచ్చాను. మొదటి రోజే చెబుదామనుకున్నాను, నోరు రాలేదు."

"ఉలు పాండాన్ ఇక్కడికి దగ్గరే జీన్" అన్నాను. అప్పుడు టైము ఒంటిగంటన్నర.

టాక్సీలో పది నిమిషాలు పట్టింది. దిగిన చోట ఫ్లాట్లు, పక్కన వెడల్పాటి కాలువ, కాలువ గట్టున పరిగెత్తేవాళ్ళ కోసం దారి, పిల్లల ఆటస్థలం. వాలు నేల లేదు, శిలువలూ లేవు. ఫొటో చేత్తో పట్టుకుని అరగంట తిరిగాం. ఎండ మండిపోతోంది. ఒక బ్లాకు కింద బెంచీ మీద రేడియో వింటూ చైనీస్ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. "అంకుల్, ఇక్కడ పాత మిలిటరీ శ్మశానం ఉండేదా?" అని అడిగాను.

ఆయన ఫొటోను దూరంగా పట్టుకుని చూశాడు. "ఉండేది, ఉండేది. అన్నీ ఎప్పుడో తవ్వి తీసేశారు లా. ఇళ్ళు కట్టాలి కదా. ఆ సోల్జర్లవి మొత్తం క్రాంజీ తీసుకుపోయారు" అన్నాడు, మాట చివర 'లా' చేర్చే ఇక్కడి ఇంగ్లీషులో.

"చిన్నపిల్లలవి కూడానా?" అని జీన్ గారు అడిగారు.

ఆయన ఆవిడ మొహం చూసి రేడియో ఆపేశాడు. "అది నాకు తెలీదు ఆంటీ" అన్నాడు. ఆయనకూ ఆవిడ వయసే ఉంటుంది.

అంతలో వాన పడింది. సింగపూర్ వాన చెప్పి రాదు, వస్తే కదలనివ్వదు. బ్లాకు కింద ఖాళీ జాగాలో సిమెంటు బల్ల దగ్గర కూర్చుండిపోయాం. నేను ఫోన్‌లో క్రాంజీలోని సైనికుల స్మారక శ్మశానం గురించి వెతికాను. యుద్ధంలో పోయిన సైనికుల జాబితాలే కనిపించాయి, తొమ్మిది రోజుల పిల్లాడి పేరు వాటిలో ఎందుకుంటుంది? జీన్ గారు ఫొటోని కవర్లో పెట్టేశారు. "పోనీలే పద్మా. పసిపిల్లల్ని అంత దూరం ఎవరు మోసుకెళ్తారు. చోటు చూశాను కదా, చాలు" అన్నారు.

చాలదని ఆవిడ గొంతులోనే తెలుస్తోంది. మాట మార్చడానికి ఇంగ్లండులోని మా వీధి గురించి అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. రెండు గంటల వానలో మేమిద్దరం ఆ వీధిలోనే ఉన్నాం.

"మూలింటి గుడ్ల డబ్బా ఉందా?" అన్నాను. గేటు బయట బల్ల మీద గుడ్లు పెట్టి పక్కన రేకు డబ్బా పెట్టేవారు, తీసుకున్నవాళ్ళు డబ్బులు అందులో వేసి వెళ్ళాలి. కాపలా ఉండేది కాదు.

"ఉంది. చిల్లర ఎవరి దగ్గరా ఉండటం లేదని ఇప్పుడు ఫోన్లో వేయమంటున్నారు. నేను మాత్రం డబ్బాలోనే వేస్తాను."

"గురువారం చేపల వ్యాను?"

"మానేశాడు. మోకాళ్ళే, నాలాగా."

"మా ఇల్లు?"

"లండన్‌వాళ్ళు కొన్నారు. నెలకోసారి వస్తారు. చలికాలంలో అటువైపు దీపం ఉండదు. నాకు అదే బాగుండదు."

ఆ ఇల్లు కళ్ళకు కట్టింది. ఉప్పుగాలికి తలుపు బందులు తుప్పుపట్టి కిర్రుమనేవి. కిటికీ అద్దాల మీద ఉప్పు పేరుకునేది, పదిహేను రోజులకోసారి కడగాలి. చలికాలంలో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి. రాత్రి పడుకుంటే అల వెనక్కి వెళ్ళేటప్పుడు గులకరాళ్ళన్నీ దొర్లే చప్పుడు వినిపించేది. మాది చీరాల, ఇసుక తీరం. మా సముద్రం అలా చప్పుడు చేయదు. మొదట్లో ఆ చప్పుడుకు నిద్రపట్టేది కాదు, మూడో ఏడు స్నిగ్ధ పుట్టాక ఆ చప్పుడు లేకపోతే పిల్లకు నిద్రపట్టేది కాదు. సింగపూర్‌లో ఎవరైనా 'ఊరు గుర్తొస్తుందా' అని అడిగితే చీరాల గురించి చెబుతాను. ఆ వీధి కూడా గుర్తొస్తుందని చెబితే వింతగా చూస్తారు. ఇరవై రెండు ఇళ్ళలో మేం తప్ప అందరూ తెల్లవాళ్ళు, సగానికి పైగా రిటైరైనవాళ్ళు. చుట్టాలు లేరు, గుడి లేదు, కరివేపాకు దొరకదు. అయినా నా జీవితంలో నేను మొదటిసారి పెద్దదాన్నయ్యాననుకున్నది అక్కడే.

నాలుగున్నరకు వాన తగ్గింది. క్లెమెంటి స్టేషన్‌కి వచ్చి రైలెక్కాం. ఆవిడ అలసిపోయి సీటులో జారగిలబడ్డారు. జురాంగ్ ఈస్ట్‌లో మారి, చువా చూ కాంగ్ దాటి యూ టీ వచ్చేసరికి లేవబోయారు.

"మీ స్టేషన్ కదా?"

"ఇంకొక్క స్టేషన్ కూర్చోండి జీన్" అన్నాను. "తర్వాతిదే క్రాంజీ."

ఆవిడ నన్ను చూసి, అడగకుండా మళ్ళీ కూర్చున్నారు. ఎనిమిదేళ్ళుగా నేను ఆ చోటుకు ఒక్క స్టేషన్ ఇవతల ఉంటున్నాను.

క్రాంజీ స్టేషన్ నుంచి స్మారకం దగ్గరికి నడిస్తే పదిహేను నిమిషాలు. బస్సు కూడా ఉంది, మేం బస్సెక్కాం. ఆరున్నరకు గేటు మూస్తారు. మేం చేరేసరికి ఐదూ ఇరవై ఐదు. గుట్ట మీదికి వరసలు వరసలుగా తెల్లరాళ్ళు, తడిసిన గడ్డి. అన్నీ యుద్ధంలో పోయిన సైనికులవే, పంతొమ్మిదేళ్ళు, ఇరవై రెండేళ్ళు. వాటిలో చిన్నపిల్లవాణ్ణి ఎక్కడని వెతకడం? ఆఫీసు తలుపు మూసి ఉంది.

గేటు పక్కన రేకుల షెడ్డు కింద నారింజరంగు చొక్కా వేసుకున్న తోటపనివాడొకతను ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. దగ్గరికి వెళ్ళేసరికి "ఆ, తిన్న. నువ్వు గోలీలేసుకున్నవా, లేదా?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్ పెట్టేదాకా ఆగి, "అన్నా, మీది ఏ ఊరు?" అని అడిగాను.

"జగిత్యాల దిక్కు మేడం. మీది?"

చెప్పాను. నలభై దాటిన మనిషి, పేరు మల్లేశం. నాలుగేళ్ళుగా ఇక్కడ గడ్డి కోసే పని. చిన్నపిల్లల సమాధుల గురించి అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఉన్నయ్ గద మేడం. ఎనుక దిక్కు, ఆ చెట్లవతల. పాతయి ఎక్కడికెల్లో తెచ్చిపెట్టిండ్రట. రాళ్ళు చిన్నగుంటయ్, దగ్గర దగ్గరుంటయ్. ఆడ మిషిన్ తిరుగది. మేం కూసోని కత్తెరతోటే కోస్తం." జీన్ గారివైపు చూశాడు. "పెద్దమ్మోళ్ళ మనుషులా?"

"తమ్ముడు."

"తమ్ముడా" అని ఒకసారి అనుకుని, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "రాండ్రి. నాకు ఇంగ్లీషు సదువరాదు, జాగైతే జూపిస్త."

తడిగడ్డిలో జీన్ గారి కర్ర దిగబడుతోంది. అతను ముందు నడుస్తూ, గుంట వచ్చిన ప్రతిచోటా ఆగి చెయ్యి అందించాడు. పెద్ద రాళ్ళ వరసలు దాటి, చెట్లు దాటి వెళితే, వాలు మీద మోకాలెత్తు కూడా లేని రాళ్ళు. నేను పై వరస నుంచి, జీన్ గారు కింది వరస నుంచి చదవడం మొదలుపెట్టాం. రెండు నెలలు. ఒక రోజు. మూడేళ్ళు. మల్లేశం రాళ్ళ మీద పడ్డ ఆకులు చేత్తో తుడుస్తూ మా ముందు ముందే వెళ్ళాడు.

ఆరూ ఐదుకి జీన్ గారు నడక ఆపేశారు. నేను దిగి వెళ్ళాను.

క్రిస్టఫర్ అని ఉంది. కింద తల్లిదండ్రుల పేర్లు. తొమ్మిది రోజులు. దాని కింద ఇంకో వరస, నాచు పట్టి ఉంది. ఆవిడ వంగలేకపోతుంటే నేను కూర్చుని గోటితో గీకాను. అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. జీన్ తమ్ముడు, అని ఉంది.

జీన్ గారు కర్ర వదిలేసి తడినేల మీదే కూర్చుండిపోయారు. తమ్ముడి పేరు మీద కాదు, తన పేరు మీద వేలు పెట్టారు. పెట్టి అలాగే ఉంచారు.

"నన్ను కూడా రాశారు" అన్నారు. "నాకెవరూ చెప్పలేదు. నన్ను కూడా రాయించారు."

మల్లేశం నన్ను పక్కకు పిలిచి ఏం రాసి ఉందని అడిగాడు. చెప్పాను. అతను తల ఊపి, "ఇటు ఎవ్వలు రారు మేడం. అయినా నెలకు రెండుసార్లు శుభ్రం జేస్తం. మంచిగనే చూసుకుంటున్నమని పెద్దమ్మకు జెప్పుండ్రి" అన్నాడు.

ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. జీన్ గారు అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. ఇద్దరి చేతులకూ మట్టే. గేటు మూసే వేళయిందని అతనే మెల్లగా గుర్తుచేశాడు. లేచే ముందు ఆవిడ రాయి మీద చెయ్యి వేసి ఏదో చెప్పారు. నేను వినలేదు, వినకూడదని దూరంగా నిలబడ్డాను.

యూ టీకి ఒక్క స్టేషనే కదా, రైల్లో ఆ నాలుగు నిమిషాలూ ఆవిడ తడిసిన స్కర్టుతో నిటారుగా కూర్చుని ఎదుటివాళ్ళందర్నీ చూసి నవ్వుతూనే ఉన్నారు. ఇంటికొచ్చాక రెండుసార్లు పప్పన్నం పెట్టించుకుని, ఎనిమిదింటికే పడుకున్నారు. సంగతంతా విని రవి, "ఎనిమిదేళ్ళు పక్కనే ఉన్నాం, ఒక్కసారీ అటు వెళ్ళలేదు" అన్నాడు.

శనివారం స్నిగ్ధకు బడి లేదు. తనూ వస్తానంది. పదకొండుకి బయల్దేరి చాంగీ విమానాశ్రయానికి టాక్సీలో వెళ్ళాం. సామాను ఇచ్చేశాక జీన్ గారు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు పుట్టినప్పుడు నిన్ను మొదట ఎత్తుకున్నది నేనే, మీ నాన్న రైలు ఆలస్యమైంది అని చెప్పారు. స్నిగ్ధ సిగ్గుపడి నా వెనక నిలబడింది. లోపలికి వెళ్ళే చోట ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుని, "వీలైనప్పుడు ఒకసారి వెళ్ళి వాణ్ణి చూడు" అన్నారు.

"వెళ్తాను జీన్. దగ్గరే కదా."

చేతికర్ర పొడుచుకుంటూ వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయారు. "షి వాక్స్ సో ఫాస్ట్ లా" అంది స్నిగ్ధ.

తిరిగి వచ్చేటప్పుడు రైలెక్కాం. చాంగీ ద్వీపానికి తూర్పు కొస, మా యూ టీ ఉత్తరాన. రెండు చోట్ల మారాలి, గంటన్నర ప్రయాణం. తొందర లేనివాళ్ళకు ఇదే మంచిది, ఊరంతా ఈ చివరి నుంచి ఆ చివరికి కిటికీలోంచి కనిపిస్తుంది. క్రాంజీ వెళ్ళాలనుకునేవాళ్ళు మాత్రం పొద్దున్నే వెళ్ళండి, ఎండ తక్కువ. వెనక వాలు దాకా నడవండి, పెద్ద రాళ్ళ దగ్గరే ఆగిపోకండి.

పాయా లెబార్ దాటాక స్నిగ్ధ నా చెయ్యి లాగింది. "అమ్మా, నేను నిజంగా ఆ ఆంటీ వీధిలో పుట్టానా?"

"పక్క టౌను ఆసుపత్రిలో పుట్టావు. రెండో రోజు ఆ వీధికి వచ్చావు."

"హౌ కమ్ యూ నెవర్ టెల్ మి?"

నిజమే, ఎందుకు చెప్పలేదు? ఎప్పుడూ అడగలేదు కనుక. నాకు బెంగ కలిగే సంగతులు కనుక, చెబితే ఆ వీధి ఇంకా దూరమైపోతుందనిపించేది కనుక. పిల్లకు ఏడాది నిండగానే అక్కడి నుంచి వచ్చేశాం, తనకు గుర్తుండే అవకాశమే లేదు. నేను చెప్పకపోతే ఆ ఏడాది తనకు లేనట్టే.

"ఇరవై రెండు ఇళ్ళు" అని మొదలుపెట్టాను. "నంబర్లు ఉండవు, పేర్లే."

"దెన్ పోస్ట్‌మ్యాన్ ఎలా?"

పోస్టుమ్యాన్ ఎలాగో చెప్పాను. గాలికి పసిపిల్లల తోపుడుబండి దొర్లిపోతే ఎదురింటాయన షేవింగ్ సబ్బు మొహంతో పరిగెత్తి పట్టుకున్న సంగతి చెప్పాను. రవి రాలేని వారం మంచు పడితే, తలుపు ముందు దారి ఎవరు తవ్వారో తెలియకుండా తెల్లారేసరికి తవ్వి ఉండటం చెప్పాను. జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారాం, ఎక్కగానే "తర్వాత?" అంది. యూ టీ వచ్చేసరికి ఇంకా సగం కూడా కాలేదు. ప్లాట్‌ఫారం మీదికి దిగాం గానీ తను మెట్లవైపు కదల్లేదు, బెంచీ మీద కూర్చుని పక్కన చోటు చూపించింది. నేనూ కూర్చున్నాను. మా ముందు నుంచి రెండు రైళ్ళు వెళ్ళిపోయాయి.